వాన తక్కువ సీమలో చుక్కల బడి



ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆకాశం గురించి, బడిపిల్లల గురించి. పుట్టపర్తి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులు చదివే పిల్లల్ని మూడు రాత్రులు ఒకచోట ఉంచి, ఆకాశం చూడటం నేర్పే శిబిరాలకు చేదోడుగా ఉండే ఉపాధ్యాయుల్లో నేనొకణ్ణి. ఇలాంటి శిబిరం ప్రతి మండలంలో ఏటా ఒక్కటైనా జరగాలని నా కోరిక. దానికి కావలసినవి చాలావరకు మన దగ్గరే ఉన్నాయి. ఎందుకు జరపాలో, ఎలా జరుపుతామో మీకు చెబుతాను.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. జిల్లా పేరు కొత్తదే కానీ నేల పాతదే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మబ్బు కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసిన రైతుల బిడ్డలు మన బడుల్లో చదువుకుంటున్నారు. ఆ మబ్బులేని ఆకాశమే రాత్రిపూట నక్షత్రాలు చూసేవాళ్లకు పెద్ద ఆస్తి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ వరసగా ఎన్నో రాత్రులు తేటగా ఉంటాయి. కోస్తాలో ఉన్నంత తేమ గాలిలో ఉండదు. హిందూపురం వైపు నేల సముద్రమట్టానికి 600 మీటర్లకు పైనే ఉంటుంది. పంటకు చాలని ఆకాశం చదువుకు బాగా పనికొస్తుంది. మన పిల్లలకు ఆ చదువు మనం అందించాలి.

చాలామంది ఒక ప్రశ్న అడుగుతారు. "ఒక సాయంత్రం టెలిస్కోపు తెచ్చి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, తలా అర నిమిషం చంద్రుణ్ణి చూపించి పంపేస్తే సరిపోదా? రాత్రంతా ఉంచడం ఎందుకు?" అని. సరిపోదు. అర నిమిషంలో పిల్లవాడు ఒక బొమ్మను చూస్తాడు, అంతే. ఆకాశం కదులుతుందని తెలియాలంటే గంటలు గడవాలి. డిసెంబరు మధ్యలో రాత్రి ఏడింటికి కృత్తికలు, మన ఊళ్లలో పిల్లలకోడి అంటామే ఆ చుక్కల గుంపు, తూర్పున ఉంటుంది. పది దాటాక అది దాదాపు నడినెత్తికి వస్తుంది. తెల్లవారుజాముకు పడమటికి వాలిపోతుంది. ధ్రువ నక్షత్రం మాత్రం ఉత్తరాన ఉన్నచోటే ఉంటుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని కళ్లారా చూడాలంటే రాత్రి అక్కడ ఉండాల్సిందే. అందుకే దీన్ని బస శిబిరంగా పెడతాం.

ఇక ఎప్పుడు పెట్టాలి? ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం. 2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన రోజు అది. బడుల్లో ప్రసంగాలకు, వ్యాసరచన పోటీలకు మంచి రోజే. కానీ అవి వానాకాలపు రోజులు, ఆకాశం నమ్మకంగా దొరకదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల మబ్బులుంటాయి. మార్చిలో పరీక్షల హడావిడి. కాబట్టి డిసెంబరు, లేదంటే సంక్రాంతి సెలవులు అయిపోయాక జనవరి నెలాఖరు, ఫిబ్రవరి మొదట్లో పెట్టడం మేలు. పదో తరగతి పిల్లలకు పరీక్షల బరువు ఉంటుంది కనుక ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లను పిలుస్తాం.

నక్షత్రాలు బాగా కనబడాలంటే వెన్నెల ఉండకూడదు. ఆ లెక్కన అమావాస్య రాత్రే మేలు. కానీ మన ఇళ్ల సంగతి మీకు తెలుసు. "అమావాస్య పొద్దు ఆడపిల్లను యాడికి పంపేది సార్?" అని ఒక తల్లి నన్ను అడిగారు. ఆమె భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. దానికి మేం ఎంచుకున్న దారి ఇది. అమావాస్య దాటాక విదియ నాడు మొదలుపెట్టి చవితి నాటికి ముగిస్తాం. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. పొద్దుగూకగానే పడమట నెలవంక ఉంటుంది. వెలుగు, చీకటి కలిసే గీత మీద చంద్రుడి గుంటలు, కొండలు నీడలతో సహా స్పష్టంగా కనిపిస్తాయి. నిండు పున్నమి నాడు ఆ నీడలు ఉండవు. తదియ నాడు చంద్రుడు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో అస్తమిస్తాడు. ఆ తర్వాత తెల్లవారే దాకా చీకటి మనదే.

మొదటి సాయంత్రం తల్లిదండ్రుల్ని కూడా రమ్మంటాం. నెలవంకను ముందుగా చూసేది వాళ్లే. మహిళా ఉపాధ్యాయులు రాత్రంతా పిల్లలతో ఉంటారని వాళ్లు స్వయంగా చూసి వెళతారు. ఏ ఊళ్లోనైనా ఆడపిల్లలు శిబిరానికి రావాలంటే ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు. అమ్మ ఒకసారి టెలిస్కోపులో చూసిందంటే, మరుసటి ఏడు చెల్లెల్ని కూడా పంపుతుంది.

శిబిరం నడపడంలో సగం పని నేల మీదే ఉంటుంది. పగలే మైదానం శుభ్రం చేయించి, రాళ్లు ఏరించి, మొక్కలు కొట్టించాలి. మన వైపు తేళ్లు, పాములు ఉంటాయి కనుక పిల్లలు కూర్చునే చోట టార్పాలిన్లు పరుస్తాం. చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలంటాం. నడవాల్సిన దారికి ఇరువైపులా సున్నంతో గీతలు గీస్తాం. చీకట్లోనూ ఆ తెల్లని గీత కనిపిస్తుంది. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, పోలీసుస్టేషనుకు, సర్పంచికి ముందే కబురు పెడతాం. మైదానం మీద పడే వీధిదీపాన్ని ఆ కొన్ని గంటలు ఆపించడానికి పంచాయతీ అనుమతి కావాలి. మరుగుదొడ్ల దగ్గర మాత్రం చిన్న దీపం తప్పకుండా వెలుగుతుండాలి.

మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవరైనా సెల్‌ఫోను వెలిగిస్తే ఆ అరగంట వృథా. అందుకని ఫోన్లన్నీ బస చూసుకునే వార్డెను దగ్గర పెట్టిస్తాం. టార్చిలైట్లకు ఎర్ర కాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేస్తాం. ఎర్ర వెలుగు కంటిని అంతగా చెదరగొట్టదు.

తిండి విషయంలో పొదుపు చేయకూడదు. రాత్రి భోజనం ఏడింటికల్లా అయిపోవాలి. పన్నెండింటికి వేడి వేడి పాలు, ఉడకబెట్టిన శెనక్కాయలు ఇస్తాం. డిసెంబరు చలిలో రెండు గంటల వేళ మెలకువగా ఉండటానికి కడుపులో ఏదో ఒకటి ఉండాలి, ఒంటి మీద దుప్పటి ఉండాలి. నాలుగింటికి పడుకున్న పిల్లల్ని పదింటిదాకా లేపం. లేచాక ఉగ్గాణి, బజ్జి. నిద్ర చాలని పిల్లవాడికి ఆకాశమంటే విసుగే మిగులుతుంది. కాబట్టి పొద్దున పాఠాలు పెట్టాలన్న ఉత్సాహాన్ని పెద్దలే అదుపులో పెట్టుకోవాలి.

ఇప్పుడు పిల్లలు ఏం చేస్తారో చెబుతాను. ఆరేడుగురు ఒక జట్టు. ప్రతి జట్టుకూ డిగ్రీ చదివే ఒక అన్నో, అక్కో తోడు. మొదటి రాత్రి టెలిస్కోపు ముట్టుకోనివ్వం. ఉత్త కళ్లతో దిక్కులు, నక్షత్ర మండలాలు గుర్తుపట్టాలి. మన పిల్లల్లో చాలామంది రైతుబిడ్డలు. మృగశిర కార్తె, ఆరుద్ర కార్తె అని తాతల నోట విని పెరిగినవాళ్లు. మృగశిర కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే రోజులు. అందుకే జూన్‌లో విత్తనం వేసే వేళకు ఆ నక్షత్రం మనకు కనిపించదు, పగటి వెలుగులో ఉండిపోతుంది. సరిగ్గా ఆరు నెలలకు, డిసెంబరులో, అదే మృగశిర రాత్రంతా ఆకాశంలో ఉంటుంది. దాని పక్కనే ఎర్రగా మెరిసే ఆరుద్ర. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు తలెత్తి ఆ ఎర్ర చుక్కను చాలాసేపు చూస్తారు. తాత చెప్పే కార్తెలకూ, సైన్సు పుస్తకంలోని భూపరిభ్రమణానికీ సంబంధం ఉందని వాళ్లకు ఆ రాత్రే తెలుస్తుంది.

అదే రాత్రి ఒక కొలత చేయిస్తాం. జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసుకుని, దాని మధ్య నుంచి దారం వేలాడదీసి, చివర ఒక నట్టు కడతారు. ధర్మవరం నుంచి వచ్చిన ఒక నేతన్న కొడుకు మగ్గం దగ్గర మిగిలిన పట్టుదారం తెచ్చాడు. సన్నగా, మెలి పడకుండా ఉండే ఆ దారంతో కొలత మరింత బాగా వచ్చింది. కోణమానిని అంచు వెంట ధ్రువ నక్షత్రాన్ని చూస్తూ, దారం ఏ గీత మీద నిలిచిందో పక్కవాడు ఎర్రదీపంలో చదవాలి. ఆ కొలతలోంచి నక్షత్రం నేలకు ఎన్ని డిగ్రీల ఎత్తున ఉందో లెక్క కడతారు. ఒకరికి 12 వస్తుంది, ఇంకొకరికి 16 వస్తుంది. అందరి కొలతలూ కలిపి సగటు తీస్తే 14 దగ్గరికి చేరుతుంది. ధ్రువ నక్షత్రం ఎత్తు ఎంతో ఊరి అక్షాంశం దాదాపు అంతే. పుట్టపర్తి అక్షాంశం 14 డిగ్రీల పైచిలుకు. పది రూపాయల సామానుతో తమ ఊరు భూగోళం మీద ఎక్కడుందో పిల్లలే కనుక్కున్నారన్నమాట. ఒక్కడి కొలత కన్నా పదిమంది కొలతల సగటు ఎందుకు నమ్మదగిందో కూడా అక్కడే బోధపడుతుంది.

రెండో రాత్రి టెలిస్కోపులు పిల్లల చేతికి వస్తాయి. ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ రకం టెలిస్కోపు శిబిరానికి బాగా సరిపోతుంది. చీకట్లో పూర్తిగా తెరుచుకున్న కంటిపాప వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. ఈ అద్దం వెడల్పు 200 మిల్లీమీటర్లు. అంటే కంటికన్నా దాదాపు 800 రెట్లు ఎక్కువ వెలుగును అది పోగు చేస్తుంది. మోటార్లుండవు, చేత్తోనే తిప్పాలి. చుక్కను పిల్లలే వెతికి పట్టుకోవాలి.

గురుగ్రహం కనిపించే కాలంలో మేం తప్పకుండా చేయించే పని ఒకటుంది. గంట గంటకూ గురుణ్ణీ, దాని పక్కనున్న నాలుగు ఉపగ్రహాలనూ కాగితం మీద గీయడం. గెలీలియో 1610 జనవరిలో చేసింది ఇదే. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తొమ్మిదింటికి నాలుగు చుక్కలు గీసింది. గురుడికి ఆనుకున్నట్టు ఎడమవైపు ఒకటి, కుడివైపు మూడు. పదకొండింటికి చూస్తే ఎడమవైపు చుక్క లేదు. తానే సరిగా చూడలేదనుకుని, పాత బొమ్మలోని చుక్కను చెరపబోయింది. పక్కనున్న అక్క ఆపి, "నువ్వు చూసింది చెరపొద్దు, టైము రాసి అట్లే ఉంచు" అంది. మిగతా జట్ల పుస్తకాలు తెప్పించి చూస్తే వాళ్లకూ మూడే చుక్కలు. ఒంటిగంటన్నరకు నాలుగో చుక్క మళ్లీ కనిపించింది, ఈసారి కుడివైపు. అది అయో అనే ఉపగ్రహం. గురుడి చుట్టూ 42 గంటల చిల్లరలో ఒక చుట్టు తిరిగేస్తుంది. ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి "మేడమ్, అది ఈ పక్కకొచ్చేసింది!" అని చెప్పిన తీరు అక్కడున్న మేమెవరమూ మరిచిపోలేం. అరనిమిషం టెలిస్కోపు చూపించి పంపేస్తే ఈ పాఠం ఏ పిల్లకూ అందదు. చూసింది చూసినట్టు రాయడం, తోటివాళ్ల రాతలతో సరిపోల్చడం, తొందరపడి చెరపకపోవడం. సైన్సు అంటే మొదట ఇదే.

శనిగ్రహం కనిపించే కాలంలో ఇంకో లెక్క వేయిస్తాం. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. పన్నెండు రాశులతో భాగిస్తే ఒక్కో రాశికి రమారమి రెండున్నరేళ్లు. మూడు రాశులకు ఏడున్నరేళ్లు. ఇంట్లో పెద్దలు ఏలినాటి శని అనే కాలం లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు అర్థమవుతుంది. ఎవరి నమ్మకంతోనూ మేం తగువు పెట్టుకోం. వలయాలతో ఉన్న శనిని కళ్లారా చూసిన పిల్లకు ఆ పేరంటే భయం ఉండదు. అది చాలు.

పగటిపూట సూర్యుడే పాఠం. సూర్యుణ్ణి టెలిస్కోపుతో గానీ, బైనాక్యులర్స్‌తో గానీ, ఉత్త కళ్లతో గానీ నేరుగా చూడకూడదని మొదటే గట్టిగా చెబుతాం. పెద్దవాళ్ల చేతుల మీదుగా సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేలా చేసి, మచ్చల్ని పెన్సిలుతో గుర్తిస్తారు. నిటారుగా కర్ర పాతి నీడ కొలుస్తారు. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అది కాకినాడ దగ్గరగా పోయే గీత. పుట్టపర్తి దానికి పడమరగా ఉంది కనుక, ఇక్కడ సూర్యుడు సగటున 19 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తి గీతకు చేరతాడు. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న సమయం రాసుకుంటే పిల్లలే ఈ తేడా పట్టేస్తారు. అదే రోజు శ్రీకాకుళం వైపు బడిలో పిల్లలు కూడా తమ అతి పొట్టి నీడను కొలిచి ఫోనులో చెబితే, రెండు కోణాల మధ్య తేడా దాదాపు 4 డిగ్రీలు వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా ఆ ఊళ్ల మధ్య దూరం సుమారు 450 కిలోమీటర్లు. 4 డిగ్రీలకు 450 అయితే 360 డిగ్రీలకు 40,500. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్ల చిల్లర. రెండు కర్రలతో, ఒక ఫోనుతో పిల్లలు భూమిని కొలిచేశారు!

ఆ పూటే పిల్లలకు మన చరిత్ర చెబుతాం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులో ఉండి సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల కాంతిని పరిశీలించారు. ఆనాటి గ్రహణంలో పరిశీలకులు చూసిన పసుపుపచ్చ గీత, తర్వాత హీలియం అనే కొత్త మూలకానిదని తేలింది. హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకు వైను బప్పు, చిన్ననాడే అక్కడి టెలిస్కోపుల మధ్య పెరిగారు. 1949లో అమెరికాలోని హార్వర్డ్‌లో చదువుతుండగా ఒక తోకచుక్కను కనిపెట్టారు. తిరిగొచ్చి తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలను నిలబెట్టారు. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపుకు 1986లో ఆయన పేరే పెట్టారు. చిన్నప్పుడు దగ్గర్లో ఒక టెలిస్కోపు ఉండటం ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి బప్పుగారి కన్నా మంచి ఉదాహరణ లేదు.

మన పక్కనే ఉన్న ఇంకో సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వెళ్లే రైలు రాష్ట్రం దాటగానే గౌరీబిదనూరు చేరుతుంది. అక్కడ భారత ఖగోళభౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి 1976లో ఒక రేడియో టెలిస్కోపు నెలకొల్పాయి. దానికి అద్దం లేదు. ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో, ఒక చేయి 1.4 కిలోమీటర్ల పొడవున, వెయ్యి యాంటెన్నాలు నేల మీద పరిచి కట్టారు. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టింది. ఈ ప్రసంగాన్ని మీ రేడియోకు చేరవేస్తున్న తరంగాల జాతివే అవి కూడా. మనం బస్సెక్కి పోగలిగినంత దూరంలో ఇంత పని జరిగిందని తెలిస్తే పిల్లవాడికి సైన్సు ఎక్కడో పరాయి దేశంలో పుట్టే వస్తువుగా అనిపించదు. పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి స్పేస్ థియేటర్ అనే నక్షత్రశాల ఉంది. అలాంటి చోట అర్ధగోళాకారపు తెర కింద నెలల తరబడి సాగే ఆకాశపు కదలికను నిమిషాల్లో చూడవచ్చు. అక్కడ చూసినదాన్ని రాత్రి మైదానంలో సరిచూసుకోవచ్చు.

ఇస్రో 2019 నుంచి యువికా అనే పేరుతో బడిపిల్లలకు బస శిబిరాలు జరుపుతోంది. మంచి కార్యక్రమం. కానీ దేశం మొత్తం మీద అందులో చోటు దొరికేది కొద్దిమందికే. మిగతావాళ్లకు మండల స్థాయిలో మనమే ఏర్పాటు చేసుకోవాలి.

ఒక్క ఆందోళన మాత్రం చెప్పుకోవాలి. మన చీకటి తరిగిపోతోంది. ఊళ్లు పెరిగాయి, జాతీయ రహదారి పొడుగునా దీపాలు పెరిగాయి. దీపాలు వద్దని నేను అనను. దీపానికి పైన మూత పెట్టి, వెలుగు నేల మీదకే పడేలా చేస్తే దారీ బాగా కనిపిస్తుంది, ఆకాశమూ మిగులుతుంది. లడఖ్‌లోని హాన్లే చుట్టుపక్కల ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించి, అక్కడి గ్రామస్తుల్లో కొందరికి ఖగోళ రాయబారులుగా శిక్షణ ఇచ్చారు. మన పంచాయతీలు అంత చేయకపోయినా, బడి మైదానాల దగ్గర దీపాలకు మూతలు పెట్టించగలవు.

ప్రధానోపాధ్యాయులకు నా మనవి. ఈ డిసెంబరులో శుక్లపక్ష విదియ ఏ రోజు వస్తుందో పంచాంగంలో ఇప్పుడే చూసి, ఆ మూడు రాత్రులకు అనుమతులు అడగండి. డిగ్రీ కాలేజీల అధ్యాపకులు తమ ఫిజిక్సు విద్యార్థుల్ని అన్నలుగా, అక్కలుగా పంపాలి. సర్పంచులు ఆ మూడు రాత్రులు ఒక్క వీధిదీపం ఆపించి, తర్వాత దానికి మూత పెట్టించాలి. తల్లిదండ్రులు మొదటి సాయంత్రం తప్పకుండా రావాలి, కొడుకుల్ని పంపినట్టే కూతుళ్లనూ పంపాలి. టెలిస్కోపు లేదని ఎవరూ ఆగిపోవద్దు. కోణమానిని, దారం, నట్టు, దుప్పటి, నోటుపుస్తకం ఉంటే మొదటి రాత్రి మొదలుపెట్టేయొచ్చు.